లింబాద్రి తేనె సీసా

రెండేండ్ల కిందట ఆర్మూర్ బస్టాండులో, లింబాద్రి హైదరాబాద్ బస్సు ఎక్కబోతుంటే పెండ్లాం రజిత ఒక్క మాట అడిగింది.

"నీకు ఆడ ఎవలన్న ఉన్నరా?"

కొట్లాటకని అడగలేదు. పెట్టెకు తాడు గట్టిగా కట్టినవా అని అడిగినట్టు అడిగింది. పక్కన బిడ్డ ఉంది, బామ్మర్ది ఉన్నాడు. లింబాద్రి "సీటు దొరకది" అని బస్సెక్కేశాడు. ఇందల్వాయి దాటాక గానీ ఆ మాట ఎందుకొచ్చిందో అతనికి తట్టలేదు. తట్టినప్పటి నుంచి అది అతన్ని వదల్లేదు. ఒమన్ చేరాడు, సోహార్‌లో డ్యూటీలో పడ్డాడు, రెండు ఎండాకాలాలు పోయాయి, ఆ మాట మాత్రం చెవిలోనే ఉంది.

ఆమె ఎందుకు అడిగిందంటే, ఆ రెండు నెలల లీవులో లింబాద్రి ఒళ్లు ఒక్కనాడు కూడా అతని మాట వినలేదు. మొగుడూ పెండ్లాలు కలవనేలేదు. సంగతి ఇంతే. దీన్ని తిప్పి తిప్పి చెప్పడం నాకు రాదు.

లింబాద్రిది భీమ్‌గల్ దగ్గర ఊరు. నలభైకి రెండు తక్కువ. పెండ్లయి పదహారేండ్లు. ముందు ఒమన్‌లోనే బురైమిలో షట్టర్లు చేసే వర్క్‌షాపులో ఉండేవాడు. తర్వాత సోహార్ పోర్టు పక్కన ఫ్యాక్టరీలు కట్టే కంపెనీలో చేరాడు. పెద్ద పెద్ద ట్యాంకుల చుట్టూ ఇనుప పైపులతో అంతస్తులు అంతస్తులుగా మంచె కట్టే పని. ఆ మంచె మీద నిలబడి మిగతావాళ్లు వెల్డింగు చేస్తారు, రంగులేస్తారు. లింబాద్రి కట్టిన మంచె ఊగదని ఫోర్‌మన్లు కూడా అనేవాళ్లు. నేను నిజామాబాద్‌లో డిగ్రీ రెండో ఏడు సగంలో వదిలేసి వచ్చి అతని కింద పనిలో చేరాను. రూములో పక్క మంచం కూడా నాదే.

పదహారేండ్ల కాపురంలో రజితతో ఒక కప్పు కింద పడుకున్న రోజులు కలిపితే ఏడాదిన్నర ఉండదు. అందులోనూ లీవుకు పోయేవాడు మేము పనోళ్లమంతా ఉండే క్యాంపు మొత్తానికి పోస్ట్‌మాన్. ఒకడు సబ్బులిస్తాడు, ఒకడు దుప్పటి, ఒకడు బిడ్డకు సెంటు సీసా. ఊరూరా తిరగాలి, ప్రతి ఇంట్లో కూచోవాలి, తినాలి, "మీవోడు మంచిగున్నడు" అని ఆ తల్లికి చెప్పాలి. మొదటి పదిహేను రోజులు దానికే చాలవు. పోయిన లీవులో మొదటి రాత్రి అలసట వల్ల కుదరలేదు. రెండో రాత్రి, నిన్న కుదరలేదే అన్న బెదురు వల్ల కుదరలేదు. మూడోనాటికి అతనికంటే ముందు ఆ బెదురే వచ్చి మంచం మీద పడుకునేది. గోడకు తిరిగి నిద్రపోయినట్టు నటించేవాడు. రజిత అతని వీపు మీద చెయ్యి వేసేది. కాసేపు ఉంచి, తీసేసేది.

"తీసేసింది తమ్మి" అని ఆ ముక్క నాకు మూడుసార్లు చెప్పాడు.

రెండువేల ఎనిమిది డిసెంబరులో అతని లీవు కాగితం వచ్చింది. ఫిబ్రవరిలో ప్రయాణం. లీవు కాగితం వచ్చినవాడు రూములో ఎగిరి గంతేస్తాడు. లింబాద్రి దాన్ని నా చేతికిచ్చి, "తారీకు ఎనుకకు జరుపనిస్తరా?" అని అడిగాడు.

లచ్చన్న అది విన్నాడు. ఇతనిదీ మా పక్క ఊరే, నోటికి తాళం లేని మనిషి. "ఏందే లింబన్నా, పెండ్లికొడుకు మొకం గిట్ల వాడిపాయె? రజితక్క దర్వాజ తియ్యదా ఏంది?"

అందరూ నవ్వారు. లింబాద్రీ నవ్వాడు. నవ్వుతూనే లేచి బాత్రూములోకి పోయి తలుపేసుకున్నాడు.

ఆ వారమే శుక్రవారం నన్ను వెంటబెట్టుకుని మస్కట్ పక్కనున్న మత్రాకు పోయాడు. అక్కడ బజారు సందులో బాబు మియా కొట్టు ఉంది. కామారెడ్డి మనిషి. అత్తర్లు, సాంబ్రాణి, రకరకాల నూనెలు అమ్ముతాడు. లింబాద్రి చాలాసేపు సాంబ్రాణి వాసన చూశాడు. చివరికి, "ఒక దోస్తుకు మందు గావాలె" అన్నాడు.

బాబు మియా తలెత్తకుండానే, "నా కొట్టుకు వచ్చేటోళ్లంత దోస్తుకే అడుగుతరు. ఒక్కడు గూడ నాకని అడగలే. మీ దోస్తుకు వయసెంత?"

"నా అంత."

"అట్లనా. పొద్దుగాల మూడు చెంచాలు, మాపటికి మూడు చెంచాలు. ఖజ్జూరాలు ఏడు, పాలల్ల. నలభై దినాలు తప్పొద్దు. గుర్రమైతడని చెప్పు మీ దోస్తుకు."

షర్బతు సీసాలో నల్లగా, చిక్కగా, కొండ తేనె. ఒమన్‌లో తేనె అట్లాగే పాత సీసాల్లో పోసి అమ్ముతారు, నీళ్ల ధరకు రాదు. బాబు మియాను నేను తిట్టను. అతను మోసగాడు కాదు. ఆ తేనె తనూ తింటాడు, తన అన్నకూ పంపిస్తాడు.

లింబాద్రి దీక్ష పట్టినట్టు పట్టాడు. పొద్దున ఐదింటికి బస్సు ఎక్కకముందు మూడు చెంచాలు. సాయంత్రం వచ్చి స్నానం చేసి మూడు. ఖర్జూరాలు లెక్కతప్పకుండా ఏడు. ఎవడో చెప్పాడని పైన హల్వా ముక్క. సీసాను మంచం కింద పెట్టెలో, బట్టల మధ్య దాచేవాడు.

పదిహేను రోజులకు అతనికి దాహం మొదలైంది. అసలు ముందునుంచీ కొంచెం ఉందట, ఎండాకాలంలో అందరమూ తాగుతాం గనుక ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు జనవరి, సముద్రం గాలికి పొద్దున్నే స్వెట్టర్ వేసుకునే చలి. ఆ చలిలో అతను పదింటిలోపు పెద్ద బాటిల్ రెండుసార్లు నింపుకొచ్చేవాడు. మాటిమాటికీ మంచె దిగి పోయేవాడు. మూత్రం మంటగా ఉందనేవాడు. అరికాళ్లు మొద్దుబారాయనేవాడు. నడుముకు కట్టే సేఫ్టీ బెల్టు రెండు రంధ్రాలు లోపలికి పోయింది.

ఇదంతా నాకు భయంగా చెప్పలేదు, సంబరంగా చెప్పాడు.

"వేడి చేస్తున్నది తమ్మి. మందు పట్టిందన్నట్టే. లోపల రాజుకుంటున్నది."

మన దగ్గర ఎవణ్ని అడిగినా ఇదే చెబుతారు. మంటంటే వేడి, వేడంటే మగతనం. నేనూ చదువుకున్నవాణ్నే, నేనూ తలూపాను. అతను మూడు చెంచాలను ఐదు చేశాడు.

ఒక పూట సైట్‌లో పైపులు బిగించే క్లాంపు మర్చిపోయి, దానికోసం పైపుల గుట్ట వెనక్కి పోయాను. బాత్రూములు దూరమని లింబాద్రి మూత్రానికి అక్కడే ఒక మూలకు పోతుంటాడు. ఆ మూల ఇసుకంతా చీమలు. నల్లగా, ఒకదాని మీద ఒకటి, బెల్లం ముక్క పడ్డట్టు. పదడుగుల అవతల నుంచి బారు కట్టి వస్తున్నాయి. షుగరున్న మా పెదనాయన మూత్రం పోసిన చోట కూడా ఇట్లాగే చీమలు పట్టేవి. మూడేండ్లకు మోకాలి దాకా కాలు తీసేశారు.

మంచె ఎక్కి, దాచకుండా చెప్పేశాను. "అన్నా, నీకు షుగరున్నది. నువ్వు రోజూ తేనె తాగుతున్నవ్."

అతను నా నోటి మీద చెయ్యి పెట్టాడు. నిజంగానే పెట్టాడు, పైపులు పట్టీ పట్టీ చెక్కలాగా అయిన చెయ్యి. "ఇంకొకసారి ఆ మాటంటే కింద పడేస్త. ఇస్తారి సంగతి తెల్వదా నీకు?"

తెలుసు. క్యాంపులో అందరికీ తెలుసు. ఇస్తారి లచ్చన్న తమ్ముడు. మూడేండ్ల కిందట వీసా రెన్యువల్‌కు రక్తం పరీక్ష చేస్తే షుగర్ ఉందని తేలి, అన్‌ఫిట్ అని వెనక్కి పంపేశారు. అప్పట్నుంచి మా క్యాంపులో ఎవడికి తల తిరిగినా డాక్టరు దగ్గరికి పోడు. లింబాద్రి రెన్యువల్ లీవు నుంచి రాగానే ఉంది.

"షుగరని తేలితే బత్కు పోతది. తేనె ఆపితే పెండ్లాం పోతది. నన్నేం జేయమంటవ్ జెప్పు?"

ఆ మధ్యాహ్నం మెస్సులో అన్నం ముందర నేను లచ్చన్న మీద పడ్డాను. నీ తమ్మునికి షుగర్ ఎంత ఉండె, ఏ పరీక్ష చేశారు, ఎట్లా పంపించారు అని వరుసబెట్టి అడిగాను. లచ్చన్న మొదట జోకులేశాడు. తర్వాత గద్దించాడు. తర్వాత లింబాద్రి పళ్లెం ముట్టకుండా కూచున్న తీరు చూసి, అటూ ఇటూ చూశాడు.

"అది షుగర్ గాదు" అన్నాడు గొంతు తగ్గించి. "టీబీ. ఊపిరితిత్తుల మీద మచ్చ వచ్చింది. టీబీ అంటే ఊళ్లె నీళ్లు గూడ పోయరు, వాని బిడ్డకు సంబంధం రాదు. షుగరని చెప్పమన్న. నేనే చెప్పమన్న."

"మూడేండ్లాయె లచ్చన్నా" అన్నాడు లింబాద్రి. లచ్చన్న తన గిన్నెలోని పెరుగు తీసి లింబాద్రి పళ్లెంలో వేశాడు. ఆ తర్వాత అతను లింబాద్రి మీద జోకు వేయగా నేను వినలేదు.

సోహార్‌లో ఒక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో డాక్టర్ నిజాముద్దీన్ ఉంటాడు. హైదరాబాద్ మనిషి, పెద్దాయన. లింబాద్రిని ఆయన దగ్గరికి తీసుకుపోయాను. వేలు పొడిచి చూసి నాలుగు వందల పైన ఉందన్నాడు. ఎంతకాలంగా అన్నాడు. కాళ్లు నొక్కాడు. "ఇంకేమన్న తక్లీఫ్ ఉన్నదా?"

లింబాద్రి నేల చూశాడు. నేనే చెప్పాను. లీవు సంగతి, తేనె సంగతి, అన్నీ.

డాక్టరు నవ్వలేదు. అది చాలా మంచిపని. "నాయనా, ఒంట్ల షుగర్ ఇంతుంటే నరాలు మొద్దువారుతయి, రక్తం సరిగ్గ ఆడదు. అది ఎట్ల లేస్తది? అది మగతనం పోవుడు కాదు, బీమారి. కాలుకు తిమ్మిరి వచ్చినట్టే దానికీ వచ్చింది. షుగరుంటె వీసా పోతదని ఎవడు చెప్పిండో గానీ, నా దగ్గర షుగర్ గోలీలు తీస్కపోయేటోళ్లు యాభై మంది ఇక్కడ నౌకరీ చేస్తున్నరు."

"ఎన్ని దినాలకు మంచిగైతది సార్?"

"నెలలు పడ్తది. చాలామందికి వాపస్ వస్తది. కొందరికి పూరా రాదు. అబద్ధం చెప్ప. దానికి గోలీలున్నయి, కానీ గుండె చూసినంక నేనే ఇస్త. రోడ్డు మీద ఎవడన్న ఇస్తే మింగకు, సచ్చిపోతవ్."

"లీవుకు ఇంక పందొమ్మిది దినాలే ఉన్నయి సార్." ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బావిలోంచి వచ్చినట్టుంది.

"అయితే పో. పోయి పరీక్ష రాసేటోని లెక్క పండుకోకు. ఈ నెల దాని జోలికే పోనని మొదటి దినమే ఆమెకు చెప్పు. అప్పుడు నీకు బుగులు పోతది. చేతులున్నయి, నోరున్నది, పక్కన పండుకో, ముచ్చట పెట్టు. ఆడమనిషికి సుఖమంటే అదొక్కటే కాదు. ఆమెకు ఏం గావాల్నో ఎప్పుడన్న అడిగినవా?"

లింబాద్రి నా వైపు చూశాడు, డాక్టరు అరబ్బీలో ఏదో అన్నట్టు. "ఏమడుగుతరు సార్?"

"నీకేం గావాలె అని. గంతే."

బయటికొచ్చి రోడ్డు అంచు మీద కూచుండిపోయాడు. నాకు ధైర్యంగా అనిపించింది, అతనికి లేదు. మందు దొరికితే పోయే జబ్బనుకుని వచ్చినవాడికి, నెలలు పడుతుందని చెప్పారు. "గీ మొకం పెట్టుకొని పోను. లీవు క్యాన్సిల్ చేస్త. కానీ మల్ల రెండేండ్లు పోకుంటే ఆమె ఉంటదా?" అని తనలో తనే అనుకున్నాడు.

గోలీలు మొదలుపెట్టాడు, తేనె ఆపాడు. మనిషి మాత్రం మాట ఆపేశాడు. మూడో రోజు మంచె ఐదో అంతస్తు మీద, పలక అంచున నిలబడి ఉన్నాడు. అతని బెల్టు కొక్కెం పైపుకు తగిలించి లేదు. గాలికి ఊగుతోంది. కొత్తవాళ్లు ఆ తప్పు చేస్తారు. లింబాద్రి చేయడు. నేను మెల్లగా పోయి, ఏమీ అనకుండా ఆ కొక్కెం పట్టి పైపుకు తగిలించాను. టక్ మని చప్పుడైంది. ఆ చప్పుడుకు అతను ఏడ్చాడు.

"అక్కకు చెప్పు అన్నా" అన్నాను.

"ఎట్ల జెప్పాలె?"

నిజమే, ఎట్లా? రజితకు చదువు రాదు. ఉత్తరం రాస్తే చదివేది తొమ్మిదో తరగతి బిడ్డ. ఫోను చేస్తే ఇక్కడ రూములో పదిమంది. పదహారేండ్లుగా వాళ్లు ఫోన్లో మాట్లాడుకున్నది తిన్నవా, వానలు పడ్డయా, బిడ్డ బడికి పోతున్నదా, ఇంతే. మొగుడు పెండ్లాంతో ఒక మాట చెప్పుకోవడానికి ఈ రెండు దేశాల్లో జానెడు జాగా లేదు.

జాగా మేము నిలబడ్డ చోటే ఉందని నాకు అప్పుడు తట్టింది. మర్నాడు పదకొండింటి టీ టైముకు అందరూ కిందికి దిగారు. మేము దిగలేదు. పైన ఒక్కడే ఉండకూడదని, ఇద్దరుండాలని కంపెనీ రూలు. అందుకని నేను ఉండాల్సిందే. అతనికి వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను. లింబాద్రి సాక్సులో దాచుకున్న ఫోను తీశాడు.

"రజితా. ఏం జేస్తున్నవ్? బీడీలా? చుట్టుపక్కల ఎవలున్నరు? కమలవ్వ ఉన్నదా, ఇంకా? సరే, లేవకు. చాట ఒళ్లె పెట్టుకొనే కూసో. నువ్వేం మాట్లాడకు. ఊఁ అను, చాలు."

కమలవ్వ వాళ్ల పక్కింటి ముసలమ్మ. వాకిట్లో ఆడవాళ్లు గుంపుగా కూచుని బీడీలు చుడతారు. ఒకరి ఫోను అందరూ వింటారు.

"బస్టాండ్ల ఒక మాటడిగినవ్ సూడు... యాదికున్నదా? ఎవల్లేరు. బిడ్డ మీద ఒట్టు, ఎవల్లేరు. నాకే చాతగాకుండె. నీ దిక్కు తిరుగుదమంటే బుగులు. నీ తప్పు పిసరంత లేదు. డాక్టర్ కాడికి పోయిన. షుగరన్నడు. షుగరుంటె మగోనికి..." ఇక్కడ ఆగి, బెల్టు కొక్కెం ఒకసారి సరిచూసుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "ఈసారి వచ్చినా గట్లనే ఉంటనేమో. రావాల్నా వద్దా నువ్వే జెప్పు. వద్దంటే రాను. ఇంటున్నవా? హలో? రజితా?"

కార్డులో పైసలు అయిపోయాయి.

"ఏమన్నది?"

"ఊఁ అన్నది. నాలుగుసార్లు. షుగర్ మాట ఇన్నదో లేదో తెల్వదు."

మళ్లీ చెయ్యమన్నాను. చెయ్యనన్నాడు. చెప్పాల్సింది చెప్పాను, ఇక ఆమె చేస్తే చేస్తుంది అన్నాడు. లీవు క్యాన్సిల్ కాగితం నింపి జేబులో పెట్టుకుని తిరిగాడు. శనివారం పోయింది, ఆదివారం పోయింది. ఫోను రాలేదు. ఆ రోజుల్లో అతన్ని నేను ఒక్క నిమిషం మంచె మీద ఒంటరిగా వదల్లేదు. రూలు కోసం కాదు.

శుక్రవారం మధ్యాహ్నం రూములో కోడికూర. పదిమందిమీ కింద పేపర్లు పరుచుకుని తింటున్నాం. లింబాద్రి ఫోను మోగింది. ఇండియా నంబరు. ఆడవాళ్లు అక్కడినుంచి చెయ్యరు, మిస్డ్ కాల్ ఇస్తారు. ఇది ఆగకుండా మోగింది.

ఎత్తాడు. చేతికి మెతుకులు అట్లాగే ఉన్నాయి. "ఊఁ" అన్నాడు. చాలాసేపు విన్నాడు. "ఊఁ." మళ్లీ విన్నాడు. రూములో అందరూ నమలడం ఆపారు. లచ్చన్న ఒక్కడు గిన్నెలో గరిటె గట్టిగా తిప్పుతూ, "ఎవడ్రా ఉప్పేసింది? నోట్లె పెట్టేటట్టు లేదు" అని పెద్దగా లొల్లి పెట్టాడు, మిగతావాళ్ల చెవులు అటు పోకుండా. లింబాద్రి ఎనిమిదిసార్లో తొమ్మిదిసార్లో ఊఁ అన్నాడు. కళ్లు ఎర్రగా అయ్యాయి. ఫోను పెట్టేసి, ఏమీ జరగనట్టు కూర కలుపుకున్నాడు.

సాయంత్రం నాకు చెప్పాడు. రజిత పసుపు చేన్లోకి ఒక్కతే పోయి, అక్కడి నుంచి మాట్లాడింది. మొదట అడిగింది, "షుగరేనా?" అని. మళ్లీ అడిగింది. "షుగరేనా, నిజంగ షుగరేనా?" అని నాలుగుసార్లు అడిగి, ఏడ్చి, నవ్వింది.

"షుగరొచ్చిందంటే పెండ్లాం అంత సంబురపడ్తదా తమ్మి?"

అంతటితో అయిపోలేదు. ఆ రాత్రుల్లో అతను గోడకు తిరిగితే, తన చేతుల బీడీ తంబాకు వాసనకు మొకం తిప్పుకుంటున్నాడని ఆమె అనుకుంది. అందుకే వీపు మీంచి చెయ్యి తీసేసేది. రెండేండ్లుగా చింతపండుతో, బూడిదతో, సబ్బుతో చేతులు తోముకుంటోంది, చర్మం పగిలేదాకా. పోదు ఆ వాసన.

"నాకు ఆ వాసనంటేనే ఇల్లు యాదికొస్తది" అన్నాడు లింబాద్రి. "ఆ మాట నోటిదాక వచ్చింది. ఎట్లంట తమ్మి, పదిమందిల? ఊఁ అన్న."

క్యాన్సిల్ కాగితం చించేశాడు. ప్రయాణం నాటికి షుగర్ ఇంకా రెండువందల అరవై ఉంది. ఒళ్లు ఇంకా అట్లాగే ఉంది, అది నాకు అతనే చెప్పాడు, దాచలేదు. క్యాంపంతా మూటలు తెచ్చి అతని మంచం మీద పెడుతుంటే, ఒక్కొక్కటీ తీసి ఎవడిది వాడి మంచం మీద పెట్టాడు. "ఈసారి ఎవని సబ్బులు మొయ్య. మొదటి పదిహేను దినాలు నావి." ఇంత మాట ఆ క్యాంపులో ఎవడూ అనలేదు. ఇద్దరు మాట్లాడ్డం మానేశారు. తేనె సీసాలో సగం మిగిలితే, బాబు మియాకు తిరిగిచ్చెయ్యమని నాకు అప్పగించాడు.

ఎయిర్‌పోర్టు వ్యాను వచ్చింది. పెట్టె పైకెత్తి, ఒక కాలు లోపల పెట్టి ఆగాడు.

"తమ్మి, ఆమెను ఏమడగాల్నన్నడు డాక్టరు? మల్లొకసారి చెప్పు."

"నీకేం గావాలె అని."

"గంతేనా?"

"గంతే."

వ్యాను కదిలింది. కిటికీలో అతని పెదాలు కదులుతున్నాయి. మరిచిపోతానేమోనన్నట్టు అదే మాట మళ్లీ మళ్లీ అనుకుంటూ పోయాడు.